గడపకు ముందున్న మెట్టు

ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అని మనవాళ్ళు ఊరికే అనలేదు. కట్టేదాకా ఎందుకు, కొనడానికి బయలుదేరితే చాలు, సగం తత్త్వం బోధపడుతుంది. నెలనెలా కట్టే వాయిదా ఎలాగో సర్దుకుంటాం, అద్దె కట్టడం లేదూ! మొదట ఒక్కసారిగా చేతిలో పెట్టవలసిన పెద్ద మొత్తం ఉందే, అదండీ అసలు గండం. మన ఇళ్ళలో ఆ గండం చాలాసార్లు ఇల్లాలి మెడలో గొలుసుతోనే గట్టెక్కుతుంది. అమెరికాలో ఉన్న మన పిల్లలు ఫోనులో ‘డౌన్ పేమెంట్’ అంటూ బెంగపడేది కూడా దీని గురించే. ఆ దేశంలో ఈ తొలి సొమ్ముకు పెద్ద చరిత్రే ఉంది.

1920 ప్రాంతాల్లో అక్కడ ఇల్లు కొనాలంటే ధరలో సగం దాకా ముందే కట్టాల్సి వచ్చేది. మిగతా సగానికి అప్పు పుట్టినా గడువు అయిదారేళ్ళే. అన్నాళ్ళూ వడ్డీ కట్టి, గడువు తీరగానే అసలు తీర్చడానికి మళ్ళీ కొత్త అప్పు చేసేవారు చాలామంది. 1929 తర్వాత ఆర్థిక మాంద్యం వచ్చిపడింది. కొత్త అప్పు ఇచ్చే నాథుడు లేడు. 1933 నాటికి రోజుకు వెయ్యి ఇళ్ళు చొప్పున జప్తు అయ్యాయంటే చూడండి!

1934లో రూజ్‌వెల్టు ప్రభుత్వం ఫెడరల్ హౌసింగ్ అడ్మినిస్ట్రేషన్ అనే సంస్థను పెట్టింది. అది తాను అప్పివ్వదు. తీసుకున్నవాడు తీర్చకపోతే నష్టం నాది అని బ్యాంకుకు హామీ ఉంటుంది. ఆ ధైర్యంతో బ్యాంకులు ధరలో 80 శాతం దాకా 20 ఏళ్ళ గడువుతో ఇవ్వసాగాయి. 1938లో చిన్న ఇళ్ళకు అది 90 శాతం అయింది. 1944లో యుద్ధం నుంచి తిరిగివచ్చే సైనికుల కోసం మరో చట్టం చేశారు. దానితో పైసా ముందు కట్టకుండానే ఇల్లు కొనే వీలు కలిగింది. న్యూయార్కు దగ్గర లెవిట్‌టౌనులో 1947 నుంచి వేల ఇళ్ళు వరసగా లేచాయి.

మరి అందరికీ మేలు జరిగిందా? లెవిట్‌టౌను ఒప్పందాల్లో తెల్లవారు తప్ప వేరెవరూ కాపురముండరాదని రాసుకున్నారు. 1947లో మిసిసిపీ రాష్ట్రంలో లెక్క తీస్తే, ఇళ్ళకూ పొలాలకూ వ్యాపారాలకూ ఈ చట్టం కింద ఇచ్చిన 3,229 అప్పుల్లో నల్లవారికి దక్కినవి రెండే రెండు! వాళ్ళూ అదే యుద్ధానికి వెళ్ళివచ్చినవారే.

ఇక ఆడవాళ్ళ సంగతి వినండి. భార్య ఉద్యోగం చేస్తున్నా ఆమె జీతంలో సగమే లెక్కలోకి తీసుకునేవారు, కొన్నిచోట్ల అదీ లేదు. రేపు బిడ్డ పుడితే మానేస్తుందిగా అని వాదన! ఇక పిల్లలు పుట్టరని డాక్టరు చీటీ తెమ్మన్న మహానుభావులూ ఉన్నారు. ఆడమనిషి అనీ, పెళ్ళయిందనీ, కాలేదనీ అప్పు నిరాకరించకూడదని 1974లో చట్టం వచ్చేదాకా ఈ వైభోగం సాగింది.

తర్వాత నేరుగా తొలి సొమ్మే సాయంగా ఇచ్చే పథకాలు వచ్చాయి. మొదటిసారి ఇల్లు కొనే తక్కువ ఆదాయంవారికి 10,000 డాలర్లు, లేదా ధరలో 6 శాతం, ఏది ఎక్కువైతే అంతవరకు ఇవ్వవచ్చని 2003లో బుష్ సంతకం చేశాడు. ఆ రోజుల్లోనే మరో పద్ధతీ నడిచింది. ఇల్లు అమ్మేవాడే ఒక ధర్మసంస్థ ద్వారా కొనేవాడికి తొలి సొమ్ము సమకూర్చేవాడు. ఎంత దయ అనుకోకండి. 2005లో ప్రభుత్వం తనిఖీ చేయిస్తే, అలాంటి ఇళ్ళ ధర 2, 3 శాతం ఎక్కువని తేలింది. బాకీ పడినవారూ వాళ్ళలోనే ఎక్కువ. 2008లో ఆ పద్ధతిని ఆపేశారు. ఇప్పుడు అక్కడి రాష్ట్రాలు, నగరాలు చాలావరకు రెండో అప్పుగా కొంత ఇస్తున్నాయి. కొన్నిచోట్ల ఆ ఇంట్లోనే కొన్నేళ్ళు కాపురముంటే అది మాఫీ.

కాబట్టి అక్కడైనా ఇక్కడైనా, ఊరికే వచ్చిందన్న సొమ్ము ఎవరి జేబులోంచి వచ్చిందో ఒకసారి అడగడం మంచిది. గొలుసు తీసిచ్చిన ఇల్లాలు దస్తావేజులో తన పేరుందో లేదో కూడా చూసుకోవాలి మరి!