పుట్టి మునిగిన నాడు: సోమశిల రేవు కథ

మా యూరిలో నెవ్వరైనను చిన్న కష్టమునకే గుండె చెదరి కూలబడినచో, పెద్దలు "ఏం పుట్టి మునిగిందని?" అని మందలింతురు. ఈ మాట తెలుగువారున్న చోటనెల్ల వినబడునదే కాని, కృష్ణ యొడ్డున పెరిగిన మావంటివారికి అది వట్టి నుడికారము కాదు. పుట్టి మునుగుటను కన్నులార చూచి, మునిగిన పిమ్మట ఏమి చేయవలెనో కూడ ఎరిగినవారి నడుమ మేము పెరిగితిమి. మునిగిన పుట్టిని వెదకి తెచ్చి, విరిగిన బద్దలను బాగుచేసి, మరల నీటిపై నిలుపు విద్య మా సోమశిల రేవు చరిత్రలో దేవాలయముల చరిత్రకు తీసిపోని భాగమని నమ్మి, నాకు తెలిసినంత మేరకు దానినిచట వ్రాసి పెట్టుచున్నాను. మా ఉమ్మడి పాలమూరు జిల్లావారైన సురవరం ప్రతాపరెడ్డిగారు ఆంధ్రుల సాంఘిక చరిత్రమును వ్రాసి, రాజుల యుద్ధములకంటె ప్రజల తిండియు బట్టయు పనిముట్లును చరిత్రకారునకు ముఖ్యములని చూపిరి. పుట్టియు అట్టి పనిముట్టే.

సోమశిల కొల్లాపురమునకు సమీపమున, నల్లమల కొండల నడుమ కృష్ణ వంపులు తిరుగు తావున నున్నది. నైజాము కాలమున ఈ నదియే ఎల్ల. ఈవల కొల్లాపురము రాజధానిగా జటప్రోలు సంస్థానము, దానిపై హైదరాబాదు ప్రభుత్వము. ఆవల మద్రాసు రాష్ట్రములోని కర్నూలు జిల్లా. ప్రభుత్వములు రెండైనను చుట్టరికములు రెండు గట్టులకును వ్యాపించియుండెను. పెండ్లివారును, సంతకు పోవు రైతులును, సంగమేశ్వరమునకు మ్రొక్కు చెల్లింపబోవు ముసలివారును పుట్టిలో గూర్చుండియే ఏరు దాటిరి.

పుట్టి యనగా గుండ్రని వెదురు తట్ట. దాని అడుగు చదునుగా నుండును. ముందు వెనుక లనునవి దానికి లేవు. సుమారు 1520లో విజయనగరమును చూచిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పాయెస్ తుంగభద్రపై నిట్టి తోలుపుట్లనే చూచి, అవి పదునైదిరువది మందిని మోయుననియు, తిన్నగా పోజాలక తిరుగుచునే పోవుననియు వ్రాసి యుంచెను. 1803లో మరాఠాలపై దండెత్తిన ఆర్థర్ వెల్లెస్లీ, వర్షాకాలపు నదులను దాటుటకు తన సైన్యమునకై తోలుగప్పిన తట్టపడవలనే అల్లించెను. ఈ పరదేశులకు వింతగా దోచిన ఆకారమునకు మా నదియే కారణము. పొడుగాటి కొయ్యపడవ రాతిపరుపున తగిలినచో పలక పగిలి, ఆ పగులు కొసవరకు సాగును. వెదురల్లిక యట్లు కాదు. రాయి తగిలిన చోట లోనికి వంగి, దాటిన వెంటనే మరల సాగును. జానెడు లోతున్న నీటిలోనైనను అది తేలును. పని ముగిసిన పిమ్మట ఒక్క మనిషి దానిని నెత్తిపై బోర్లించుకొని యింటికి మోసికొనిపోవచ్చును. దూరమునుండి చూచినచో పెద్ద తాబేలు ఒడ్డెక్కి నడచుచున్నట్లుండును.

పూర్వము దానిపై తంగేడు చెక్కతో పదునుపెట్టిన పశువుల తోళ్లను కుట్టెడివారు. తోలు నీటనే యుండిన కుళ్లును గనుక, దినదినమును పుట్టిని ఒడ్డునకు తీసి ఆరబెట్టుట తప్పనిసరియై యుండెను. తరువాత తోలు స్థానమున గోనె, గోనె స్థానమున ఎరువుల సంచులు, వానిపై తారు వచ్చినవి. వెదురు మాత్రము మారలేదు.

శ్రీశైలము ప్రాజెక్టుకు 1963లో శంకుస్థాపన జరిగెను. 1980వ దశాబ్దమున నీరు నిలిచినప్పుడు నదిగట్టు పల్లెలనేకములు మునిగెను. సోమశిలలోని లలితాసోమేశ్వరాలయమును రాయి రాయిగా విప్పి, ఎగువకు తెచ్చి మరల కట్టిరి. దేవుని గుడి కదలిన సంగతి అందరును చెప్పుకొందురు. పుట్టికి వచ్చిన ఆపద మాత్రము రేవువారికే తెలియును. పుట్టి పారుటేటికి పుట్టినది. ఇప్పుడు దాని క్రింద కనుచూపు మేర నిలిచిన జలాశయమున్నది. హైదరాబాదు హుసేనుసాగరమున పోటీలాడు తెరచాప నావలకు అడుగున నీటిలోనికి దిగిన రెక్కయుండి, గాలికి ప్రక్కకు కొట్టుకొనిపోకుండ పట్టి నిలుపును. పుట్టికి ఆ రెక్క లేదు. గాలి ఎటు నెట్టిన అటే పోవును. నదిలో పుట్టి అడుగుభాగమే చినిగెడిది. జలాశయములో అలలు కొట్టి అంచు విరుగసాగెను. ఈ భేదమును మొదట కనిపెట్టినవారు పుట్టి నడపువారే.

ప్రాజెక్టు నిండిన కొన్నియేండ్లకు, నేను కొల్లాపురములో చదువుకొను దినములలో, ఒక స్వాతికార్తె సాయంకాలమున గాలివాన విరుచుకొనిపడెను. మా పొరుగింటి బెస్త తాతయు ఆయన కొడుకును అప్పుడు వల తీయుచు నడినీట నుండిరి. అలలు అంచు దాటి లోనికి దూకుచుండగా, తోడిపోయుటకు చేతులు చాలక, మొదట చేపలను, పిదప తడిసి బరువెక్కిన వలను నీటిపాలు చేసిరి. అయినను పుట్టి తలక్రిందులాయెను. వెదురు తేలును గనుక అంచును పట్టుకొని చాలసేపు కొట్టుకొనిపోయి, కొండచరియ దగ్గరపడగానే దానిని విడిచి యీది, తెల్లవారుజామున అడవిదారిని నడచి యిల్లు చేరిరి. ఆ రాత్రి లాంతరులు పట్టుకొని రేవున నిలిచిన మా తల్లుల కేకలు నేటికిని నా చెవులలో నున్నవి. ఏ గాలివాన వచ్చినను, 2007లో మంచాలకట్ట దగ్గర పడవ మునిగి పదులకొలది జనులు చనిపోయిన వార్త విన్ననాడును, నాకా కేకలే మరల వినవచ్చెను.

మరునాడు గాలి తగ్గిన పిమ్మట మూడు పుట్లలో వెదకబోయిరి, నన్నును ఎక్కించుకొనిరి. పుట్టి ఒక వాగు మూలలో, నీట మునిగి ఎండిన చెట్టు కొమ్మల నడుమ చిక్కి, సగము నీటితో ఒరిగియుండెను. పడుచువారు త్రాడు వేసి లాగబోగా తాత కేకవేసెను: "గుంజకుండ్రి! కొమ్మ కొయ్యుండ్రి. కొమ్మ మల్ల మొలుస్తది, అల్లిక ఊడితే మల్ల రాదు." కొమ్మలు నరుకుటకే ఒక జాము పట్టినది. పిదప రెండు పుట్లను చెరియొక ప్రక్కను చేర్చి, మునిగినదాని అంచును కొంచెము కొంచెముగా ఎత్తుచు నీరు తోడిరి. నీటితో నిండిన పుట్టిని లాగినచో దాని బరువునకే అల్లిక తెగునట. అందుచే ఖాళీయైన తరువాతనే త్రాడు కట్టి, తెడ్డు చప్పుడైనను వినబడనంత మెల్లగా రేవునకు తెచ్చితిమి.

వేపచెట్టు క్రింద దానిని బోర్లించి, చినిగిన సంచులను ఒలిచివేసి, తాత కన్నులు మూసికొని అల్లికపై అరచేయి నిమురుచు పోయెను. కంటికి కనబడని విరుపు చేతికి తగులునని ఆయన చెప్పెడివాడు. ఏడు బద్దలు విరిగియుండెను. అంచుకట్టు ఒక మూరెడు మేర ఊడిపోయెను. పచ్చి వెదురును చీల్చి, ఒక రాత్రి నీటిలో నాననిచ్చి, విరిగిన బద్దను పెరికివేయక, దాని ప్రక్కనే విరుపునకు ఇరువైపుల జానెడు దాటునట్లు క్రొత్త బద్దను దోపిరి. పాతది లాగినచో చుట్టునున్న బద్దలు సడలునట. "ఇరిగినదాన్ని తీసెయ్యొద్దు బిడ్డా, దానికి తోడియ్యాలె" అని నాతో అనెను. ఎరువుల సంచులను దబ్బనముతో కలిపి కుట్టి, పై నుండి లాగి అంచునకు బిగించిరి. తారు కాచుట తాత యెవ్వరికిని అప్పగింపలేదు. మితిమీరి కాగినచో సంచి మాడును. చల్లారినచో కుట్టు రంధ్రములలోనికి దిగదు. బుడగలు లేచి అణగు సమయమును కనిపెట్టి, గుడ్డ చుట్టిన కర్రతో కుట్లపై మొదటను, తక్కిన భాగముపై పిదపను పూసెను. దాని ఖరీదెంతయో నేనడుగలేదు. వెదురు ఒకరు, సంచులు మరియొకరు, తారు ఇంకొకరు ఇచ్చిరి. పోయిన వలకు మాత్రము అప్పు చేయవలసివచ్చెను.

ఇప్పుడు ఏరు దాటుటకు పుట్టి యవసరము తీరు కాలము వచ్చుచున్నది. సోమశిల నుండి ఆవలి గట్టుననున్న సిద్ధేశ్వరమునకు తీగెల వంతెన నిర్మించుటకు 2022లో కేంద్రప్రభుత్వము అనుమతి యిచ్చినది. వంతెన రావలెనని కోరువారిలో నేనును ఒకడను. రాత్రివేళ ప్రసవవేదనతో నున్న స్త్రీని ఆవలి యొడ్డునకు చేర్చుటకు గాలి తగ్గువరకు నిరీక్షించిన ఊరు మాది. ఐనను చేపలకు పోవువారికి పుట్టి కావలయును, పుట్టికి వెదురు కావలయును, ఆ వెదురును చీల్చు చేయి కావలయును.

మరల ఆనాటి తాత పుట్టి సంగతికి వత్తును. నాలుగవనాటి ఉదయమున తారు గట్టిపడినది. తాత పుట్టిని నీటిలోనికి దింపి, తానొక్కడే అందులో చతికిలబడి, తెడ్డును ముట్టక ఒక గడియసేపు ఊరక కూర్చుండెను. పిదప నన్ను పిలిచి అడుగున చేయి పెట్టి చూడుమనెను. పొడిగానే యుండెను. మరల చూడుమనెను, రెండవసారి కూడ పొడిగానే యుండెను. అప్పుడు కొడుకును ఎక్కించుకొని, అరువు తెచ్చిన వలతో, మొన్న గాలి కొట్టిన వైపునకే పోయెను.