ఎముకలిచ్చిన అప్పు

హైదరాబాదు నుండి బెజవాడకు పోవు రాజమార్గమున సుమారు 50 కిలోమీటర్లు పయనించిన పిమ్మట చౌటుప్పలు వచ్చును. అచ్చటినుండి దక్షిణముగ నారాయణపురము, మునుగోడు, మర్రిగూడెముల వైపు సాగు మెట్టసీమ యంతయు గ్రానైటు శిలలపై పలుచగ పఱచుకొనిన చెల్కనేల. ఆ శిలలలోని ఖనిజములయందు ఫ్లోరైడు కలదు. నీటిలో కాల్షియము తక్కువయై క్షారగుణ మెక్కువయగుకొలది అది మఱింతగ కరగును. చేదబావులెండి, బోరింగులు వచ్చి, రాతి పగుళ్లలో చిరకాలము నిలిచిన నీరు బిందెలకెక్కిన తరువాత ఈ సీమవారి దాహము వారి దేహముతోనే వైరమునకు దిగినది.

1937లో నాటి నెల్లూరు జిల్లా పల్లెలలో షార్ట్, మెక్‌రాబర్ట్, బర్నార్డు, నాయర్ అను నలుగురు, జనుల నడుము వంగి కీళ్లు బిగిసిపోవుటకు త్రాగునీటిలోని ఫ్లోరైడే కారణమని వెల్లడించిరి. 1945లో దావర్ అను వైద్యుడు నల్లగొండ జిల్లాలోను ఈ రోగమున్నదని వ్రాసెను. మర్రిగూడెము ప్రాంతపు బట్లపల్లి పేరు అప్పటినుండి ఈ కథలో తఱచుగ వినబడుచున్నది. 1955లో సిద్దిఖీ వ్రాసిన వ్యాసము బ్రిటిషు వైద్యపత్రికలో వెలువడగా, హైదరాబాదు రాష్ట్రపు మారుమూల జిల్లా పేరు విదేశ వైద్యులకును తెలిసినది.

ఈ రోగములోని వింత యేమనగా, ఇది దేహము ఓడిపోవుటవలన గాక, దేహము తన నియమమును కడవఱకు విడువకుండుటవలన కలిగిన వైకల్యము. నెత్తురు మొదలగు అంతర్ద్రవముల స్థితి మాఱకుండుటయే జీవనమునకు ఆధారమని పందొమ్మిదవ శతాబ్దమున ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు క్లాడ్ బెర్నార్డు చెప్పెను. ఆ సమస్థితికి హోమియోస్టేసిస్ అని పేరిడిన అమెరికా శాస్త్రజ్ఞుడు వాల్టరు కానన్ 1932లో ప్రకటించిన తన గ్రంథమునకు ‘దేహము యొక్క వివేకము’ అను అర్థమిచ్చు నామము పెట్టెను. వివేకమే, సందేహము లేదు. అయితే ఈ పల్లెలలో అది, చుట్టముల యెదుట లేమి కనబడనీయక కాళ్ల కడియములు కుదువబెట్టు ఇల్లాలి వివేకమువంటిది.

త్రాగిన ఫ్లోరైడు జీర్ణకోశమునుండి త్వరగా రక్తమున చేరును. దానిలో కొంత మూత్రపిండములు వెలికి పంపును. మిగిలిన దానిని ఎముకలు తమలో దాచుకొనును. శరీరమున నిలిచిన ఫ్లోరైడులో నూటికి 99 పాళ్లు ఎముకలలోను దంతములలోను ఉండును. ఎదిగెడు పిల్లల ఎముకలు దానిని మఱింత ఆత్రముగ గ్రహించును; గారపండ్లు తొలిసాక్ష్యము. ఫ్లోరైడు సోకిన ఎముక క్రొత్త ఎముకను విపరీతముగ కట్టబూనును. అందులకు కాల్షియము కావలెను. రక్తమున కాల్షియము తగ్గబోవగనే, కంఠమున అవటుగ్రంథి వెనుకనున్న నాలుగు చిన్న గ్రంథులు, పారాథైరాయిడ్లు, తమ స్రావమును విడుచును. దాని ఆజ్ఞచే మూత్రపిండములు కాల్షియమును పోనీయక నిలుపును, విటమిన్ డి చైతన్యవంతమై ప్రేగులు ఆహారమునుండి అధికముగ గ్రహించును. పాలు పెరుగు కఱవైన యింట ఆహారమున తగినంత దొరకనిచో, కడకు ఎముకలనుండియే తీసికొనవలసివచ్చును. రక్తమున లెక్క సరిపోవును. వెన్నెముక బిగిసి సుద్దవలె దట్టమగును. కాళ్ల ఎముకలు మాత్రము డొల్లలై వంగును.

1973లో హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థకు చెందిన కృష్ణమాచారి, కృష్ణస్వామి గారలు, నల్లగొండ ప్రాంతపు యువకులలో మోకాళ్లు ఒండొంటిని తాకునట్లు కాళ్లు వంగుటను ఎముకల డొల్లతనముతో ముడివెట్టి లాన్సెట్ పత్రికలో ప్రకటించిరి. పిదప ఆ సంస్థవారే ఇట్టి రోగులలో పారాథైరాయిడు స్రావమును కొలిచి చూచిరి. కాళ్లు వంగుటకు కారణములు వెదకుచు, జొన్నలలోని మాలిబ్డినము, దేహమునుండి పోవు రాగి వైపును వారి దృష్టి మఱలెను.

ఇంతలో నాగపూరు జాతీయ పరిసర పరిశోధనాలయమువారు పటిక, సున్నము, బ్లీచింగు పౌడరు కలిపి నీటిలోని ఫ్లోరైడును అడుగునకు దించు ఉపాయము కనిపెట్టగా, దానికి నల్లగొండ పద్ధతియని పేరువచ్చి, తూర్పు ఆఫ్రికాలోని టాంజానియా దాక పోయినది. ఊరికి నీరు రాకమునుపే ఊరిపేరు సముద్రములు దాటినది! 1996 లోకసభ యెన్నికలలో ఈ బాధను దేశమునకు చాటుటకై నల్లగొండ స్థానమున వందలకొలది జనులు నామపత్రములు వేయగా, అభ్యర్థుల సంఖ్య 480కి పెరిగి, ఓటుపత్రము పుస్తకమంత అయ్యెను.

2015 జూను 8న చౌటుప్పలులో, ఇంటింటికి నల్లానీరందించు పథకపు స్తూపము ఆవిష్కృతమైనది. కృష్ణాజలములు గొట్టములవెంట ఈ మెట్టకెక్కినవి. మంచినీరు త్రాగుచున్న పెద్దవారి దేహములలో నేటికిని ఎముకలు పూర్వము దాచిన ఫ్లోరైడును సంవత్సరములతరబడి కొంచెము కొంచెముగ నెత్తుటిలోనికి వదలుచుండును. మూత్రపిండములు దానిని బయటికి పంపుచుండును.