దూలం అడుగున ఒక పేరు

చరిత్రలో స్త్రీల పేర్లు చేర్చమని అడిగినప్పుడల్లా అదేదో అనుబంధం అడిగినట్టు చూస్తారు. అసలు చరిత్ర వేరే ఉందనీ, మనం దానికి తోక తగిలిస్తున్నామనీ. చైనా కొయ్య కట్టడాల అధ్యయనంలో జరిగిన ఒక సంగతి ఈ ధోరణికి మంచి జవాబు.

లిన్ హుయ్‌యిన్ (1904-1955) ఆర్కిటెక్చర్ చదవాలని 1924లో అమెరికాలోని పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయానికి వెళ్ళింది. మగపిల్లలతో కలిసి రాత్రిళ్ళు డ్రాయింగ్ గదిలో పనిచేయడం ఆడపిల్లలకు తగదని ఆ శాఖ స్త్రీలను చేర్చుకునేది కాదు. ఆమె లలితకళల్లో చేరి ఆర్కిటెక్చర్ పాఠాలు చదివింది, అదే శాఖలో బోధనలో సహాయకురాలిగానూ పనిచేసింది. ఆర్కిటెక్చర్ పట్టా మాత్రం 2024లో, ఆమె చనిపోయిన 69 ఏళ్ళకు ఇచ్చారు.

భర్త లియాంగ్ సిచెంగ్‌తో కలిసి ఆమె పాత కట్టడాలను కొలుస్తూ ఊరూరా తిరిగింది. ఆ నిర్మాణంలో బరువు మోసేది గోడ కాదు, స్తంభాలూ దూలాలూ. స్తంభం తలమీద కొయ్య దిమ్మెలూ అడ్డచేతులూ ఒకదానిమీద ఒకటి పేర్చిన అమరికను దోగోంగ్ అంటారు. ముందుకు చొచ్చుకొచ్చిన చూరు బరువును స్తంభానికి దింపేది అదే. 1103 నాటి 'యింగ్‌జావ్ ఫాషీ' గ్రంథం ఆ అడ్డచేతి కొలతనే మొత్తం కట్టడానికి ప్రమాణంగా చెబుతుంది. అందంగా కనిపించేది నిజానికి నిర్మాణ అవసరమేనని లిన్ 1932లోనే ఒక వ్యాసంలో వాదించింది.

1937 వేసవిలో వారు షాన్షీ రాష్ట్రంలోని వుతాయ్ కొండల్లో ఫోగ్వాంగ్ గుడికి చేరారు. దోగోంగ్ పరిమాణం చూస్తే తాంగ్ వంశకాలపు కట్టడమనిపించింది గానీ సంవత్సరం చెప్పే ఆధారం లేదు. దూరపు చూపు బాగా ఆనే లిన్‌కి కిందినుంచే దూలం అడుగున వెలిసిన సిరా అక్షరాలు కనిపించాయి. పరంజా కట్టించి, దుమ్ము కడిగి చదివితే అందులో దాత పేరుంది: నింగ్ గోంగ్‌యు అనే భక్తురాలు. గుడి ముందరి రాతి స్తంభంమీదా అదే పేరు, దానితోపాటు క్రీ.శ. 857కి సరిపోయే సంవత్సరం. రెండూ కలిస్తేనే గుడి వయసు తేలింది. చైనాలో అప్పటికి తెలిసిన కొయ్య కట్టడాలన్నిటిలోకీ పాతది అదే.

దూలాలమీద ఒక సైనికాధికారి ప్రస్తావన కూడా ఉంది, హోదా, ఇంటిపేరుతో మాత్రమే. నింగ్‌ది పూర్తి పేరు. లోపల వేదిక చివర కూర్చున్న స్త్రీ విగ్రహం ఆమెదేనని పరిశోధకులు గుర్తించారు.

అయినా ఈ గుడిని లియాంగ్ సిచెంగ్ కనుగొన్నదిగానే చాలాచోట్ల రాస్తారు. లిన్‌ది 'భార్య కూడా వెంట ఉంది' అనే స్థానం. కానీ ఇక్కడ ఒక స్త్రీ పేరు తీసేస్తే గుడికి తేదీయే లేదు. ఆ పేరు చదివిన స్త్రీని తీసేస్తే అది ఎలా తెలిసిందో చెప్పలేం. దీన్ని అనుబంధమని ఎలా అనగలం?