చేయగలరా? చేయక తప్పదా?

కీళ్ల జబ్బుల డాక్టరు వేళ్లు నొక్కి చూస్తారు, రక్తపరీక్షలు రాస్తారు, ఒక్కోసారి ఒక ప్రశ్నల కాగితం కూడా చేతికిస్తారు. మీ బట్టలు మీరే వేసుకోగలరా, నిండు గ్లాసు ఎత్తి తాగగలరా అని అందులో అడుగుతారు. ఆ కాగితానికీ ఒక చరిత్ర ఉంది. అందులో మన పని ఎక్కడుందో వెతకాలి.

1949 నాటి స్టైన్‌బ్రోకర్ పద్ధతిలో డాక్టరే చూసి రోగిని 4 తరగతుల్లో ఒకదానిలో చేర్చేవాడు. రోగినే అడిగే హెల్త్ అసెస్‌మెంట్ క్వశ్చనీర్‌ను (హెచ్.ఏ.క్యూ.) స్టాన్‌ఫర్డ్‌లో జేమ్స్ ఫ్రైస్ బృందం 1980లో ప్రచురించింది. 8 విభాగాలు, 20 ప్రశ్నలు. ఇబ్బంది లేకపోతే 0, అసలు చేయలేకపోతే 3. రోగి మాటకు విలువ దొరకడం చిన్న విషయం కాదు.

సోరియాసిస్‌తో వచ్చే కీళ్లవాతానికీ ఈ కొలతే వచ్చింది. ఈ జబ్బులో వేలు మొత్తం వాస్తుంది, మడమ పట్టేస్తుంది, చర్మం పొలుసులు రాలుతుంది. చర్మం ప్రశ్నలు చేర్చిన రూపాన్ని 1995లో టొరంటో పరిశోధకులు పరీక్షించారు. అయినా పాత కాగితమే ఎక్కువగా వాడుకలో నిలిచింది.

మన దేశానికి తగిన రూపాన్ని ఢిల్లీ ఎయిమ్స్ బృందం రుమటాయిడ్ రోగుల మీద పరీక్షించి 2002లో ప్రచురించింది. చీర కట్టుకోవడం, గొంతుక్కూర్చోవడం, ఆటో ఎక్కి దిగడం, కూరగాయల మార్కెట్‌కు వెళ్లడం అందులోకి వచ్చాయి. ఉన్నవి 12 ప్రశ్నలే. వంట, అంట్లు, బట్టలుతకడం మాత్రం రాలేదు.

కాప్రాలో ఈ జబ్బున్న ఒక ఇల్లాలిని ఊహించుకుందాం. తెల్లారేసరికి వేళ్లు ముడుచుకోవు. అయినా వాకిలి ఊడ్చి ముగ్గేస్తుంది, పిండి కలుపుతుంది, కుక్కర్ మూత బిగిస్తుంది, బాక్సులు సర్ది ఈసీఐఎల్ చౌరస్తాకు షేర్ ఆటో ఎక్కుతుంది. చేయగలరా అని అడిగితే ఏమంటుంది? 'ఏదో చేసుకుంటానండీ' అంటుంది. కొంచెం ఇబ్బంది, 1 మార్కు. అసలు హెచ్.ఏ.క్యూ. లెక్కలో మరొకరి సాయం తీసుకుంటే ఆ విభాగంలో స్కోరు కనీసం 2 అవుతుంది. అంటే అన్నీ చేతికందించే మనిషి ఇంట్లో ఉన్నవారి కష్టం పెద్దదిగా నమోదవుతుంది. ఆ అందించే మనిషికే జబ్బు చేస్తే, సాయం దొరకదు కనుక, ఆమె కష్టం చిన్నదిగా మిగులుతుంది.

ఇంత జరిగినా, ఈ జబ్బులో ఆడవాళ్ల స్కోరు మగవాళ్ల కంటే ఎక్కువగా ఉన్నట్టు చాలా అధ్యయనాలు చూపాయి. ఆడవాళ్లు నొప్పిని ఎక్కువ చేసి చెబుతారనే పాత మాట ఇక్కడా వినిపిస్తుంది. ఇంటిచాకిరీని లెక్కలోకి తీసుకోకుండా ఆ మాట ఎలా అనగలం?

ఇది కాగితం మీద తగవు కాదు. 2010లో ప్రతిపాదించిన ప్రమాణాల ప్రకారం, జబ్బు అదుపులో ఉందనడానికి 7 అంశాల్లో 5 నెరవేరాలి. వాటిలో ఒకటి హెచ్.ఏ.క్యూ. 0.5 దాటకపోవడం. మందు మార్చాలా వద్దా అనే మాట ఇలాంటి అంకెల దగ్గరే తేలుతుంది.

అందుకే ఆ కాగితం చేతికొచ్చినప్పుడు చేయగలను అని టిక్కు పెట్టి ఊరుకోవద్దు. ఎంతసేపు పట్టింది, ఆ తర్వాత ఎంతసేపు పడుకోవాల్సి వచ్చింది, ఏ పని మానేశాం, అది ఏ కూతురి మీద పడింది - ఇవన్నీ డాక్టరుకు చెబుదాం.