కొలని ప్రభువుల వంశం

కొలని ప్రభువులు 12, 13 శతాబ్దాల్లో కొల్లేటి ప్రాంతాన్ని ఏలిన మండలాధిపతులు. వారి ముఖ్యపట్టణం కొలను, సంస్కృతంలో సరసీపురి. నేటి ఏలూరు జిల్లాలో మండవల్లి, కైకలూరు మండలాలను ఆనుకుని ఉన్న కొల్లేరు సరస్సును బట్టే ఈ పేర్లు వచ్చాయంటారు. పట్టణం ఉన్న చోటు గురించి మాత్రం చరిత్రకారుల్లో భిన్నాభిప్రాయాలున్నాయి.

వీరిలో తొలుత ప్రముఖంగా కనిపించేవాడు తెలుగు భీముడు. అతని సంగతి తెలిసేది పగవాళ్ళు చెప్పుకున్న గొప్పల వల్లనే. మొదటి కులోత్తుంగ చోళుడి కొడుకు విక్రమచోళుడు 1118 వరకు వేంగిలో తండ్రి తరఫున పాలించాడు. చిన్న వయసులోనే భీముణ్ణి కొండలెక్కించానని అతని తమిళ ప్రశస్తి చాటుతుంది. కొల్లేటి చుట్టూ అంతా పల్లమే. భీముడు చాలా దూరం పరుగెత్తాడనుకోవాలి, లేదా ప్రశస్తికర్త కొల్లేరు చూసి ఉండడు. చోళుల పక్షాన పోరాడిన పరాంతక పాండ్యుడు కూడా తెలింగ భీముణ్ణి గెలిచి ‘కుళం’ (అంటే కొలను) పట్టుకున్నానని కన్యాకుమారి శాసనంలో రాయించుకున్నాడు. బుడమేరు, తమ్మిలేరు వచ్చి కలిసే ఈ సరస్సు కృష్ణా గోదావరుల నడుమ సహజమైన జలదుర్గం. ఇంతమంది దాని మీద కన్నేయడానికి కారణం అదే.

చోళుల పట్టు సడలాక ఈ ప్రాంతంలో వెలనాటి చోడుల పెత్తనం సాగింది. 13వ శతాబ్ది పూర్వార్ధంలో కాకతి గణపతిదేవుడి మంత్రి ఇందులూరి సోమప్రధాని కొలనును జయించాడు. ఇక్కడే వంశవృక్షం మలుపు తిరుగుతుంది. ఓడినవారి ఇంటిపేరు గెలిచినవారికి వచ్చింది. నియోగి బ్రాహ్మణులైన ఇందులూరివారు ‘కొలని’వారయ్యారు. ఫ్రాన్సులోనూ ఇలాంటిదే జరిగింది. 1311లో కూసీ ప్రభువుల మగసంతతి ఆగిపోతే, మేనల్లుడైన గీన్ వంశీయుడు కోటతోపాటు ఆ పేరునూ తీసుకున్నాడు. అక్కడ చుట్టరికం చేసిన పని ఇక్కడ కత్తి చేసింది.

కొత్త కొలనివారు ఓరుగల్లు దర్బారులో బాగా ఎదిగారు. రుద్రమదేవి కూతురు రుయ్యమను ఇందులూరి అన్నయదేవుడు పెళ్ళాడాడు. సంస్కృతంలో ‘రాజరుద్రీయం’ రాసిన కొలని రుద్రదేవుడు ఈ ఇంటివాడే. వీరి వంశకథకు ముఖ్యమైన ఆధారం కొలని గణపతిదేవుడి ‘శివయోగసారం’. సొంత ఇంటివాడు రాసింది కనుక అందులోని పొగడ్తను కొంత తగ్గించే చదవాలి. ఓడిన పాత ప్రభువులకు అలాంటి పుస్తకం రాసిపెట్టినవారు కనబడరు.

కొల్లేటికోట లంకలో చెప్పుకునే కథ వేరు. దాని ప్రకారం అక్కడి కోట ఒడిశా రాజు లాంగూల గజపతిది. ముట్టడించిన సేన ఉప్పుటేరు తవ్వి, సరస్సు నీటిని సముద్రంలోకి దించి దాన్ని పట్టుకుంది. ఆ కథలో పాత కొలనివారూ లేరు, కొత్తవారూ లేరు.