బీరువాలో చోటు దేనికి?

1610లో లండన్ ముద్రాపకుల సంఘం ఆక్స్‌ఫర్డ్‌లోని ఒక కొత్త గ్రంథాలయానికి మాట ఇచ్చింది. తమ దగ్గర నమోదయ్యే ప్రతి పుస్తకం నుంచీ ఒక ప్రతిని ఉచితంగా పంపుతామని. ఆ గ్రంథాలయం బాడ్లియన్. దాన్ని నిలబెట్టిన సర్ థామస్ బాడ్లీకి మాత్రం వచ్చిపడేవన్నీ అక్కర్లేదు. ఆంగ్ల నాటకాలు, పంచాంగాలు, రోజూ అచ్చయ్యే చిల్లర పుస్తకాలు లోపలికి రానివ్వొద్దని 1612లో తన లైబ్రేరియన్ థామస్ జేమ్స్‌కి ఉత్తరాలు రాశాడు. అలాంటివి చేరితే గ్రంథాలయానికి అప్రతిష్ఠ అని ఆయన భయం. అప్పటికి షేక్‌స్పియర్ బతికే ఉన్నాడు.

బాడ్లీ 1613లో పోయాడు. పదేళ్ళకి షేక్‌స్పియర్ నాటకాలు 36 కలిపి ఫస్ట్ ఫోలియోగా అచ్చయ్యాయి. నాటకాలే అయినా ఆ పెద్ద సంపుటానికి బాడ్లియన్‌లో చోటు దొరికింది. విడి కాగితాలుగా వచ్చిన ప్రతిని 1624లో విలియం వైల్డ్‌గూస్ అనే బైండరుకిచ్చి కుట్టించి, ఆ కాలపు పద్ధతిలో గొలుసుతో అరకి కట్టేశారు. విద్యార్థులు దాన్ని ఎంతగా తిరగేశారో ఆ కాగితాలే చెబుతాయి. ‘రోమియో అండ్ జూలియట్’ పుటలు అన్నిటికన్నా నలిగిపోయాయి. 1660 దశకంలో మరికొన్ని నాటకాలు చేర్చిన థర్డ్ ఫోలియో వచ్చింది. ఇంత నిండుగా ఉన్నది చేతికొచ్చాక పాతదెందుకు అనుకున్నట్టుంది. ఎక్కువైన పుస్తకాలతో కలిపి 24 పౌన్లకి ఒక వర్తకుడికి అమ్మేశారు.

1905 జనవరిలో ఒక విద్యార్థి తమ ఇంట్లోని పాత పుస్తకాన్ని, దాని బైండింగ్ గురించి సలహా అడగడానికి బాడ్లియన్‌కి తెచ్చాడు. ఆ బైండింగ్ చూసి సిబ్బంది గుర్తుపట్టారు. అది తమ పుస్తకమే! అమెరికా సంపన్నుడు హెన్రీ ఫోల్జర్ దానికి 3,000 పౌన్లు ఇస్తానన్నాడు. అంత డబ్బు లేని బాడ్లియన్ చందాలు పోగుచేసి, 1906లో అదే ధర చెల్లించి తన పుస్తకాన్ని తానే తిరిగి కొనుక్కుంది.

అమ్మినవాళ్ళు తెలివితక్కువవాళ్ళు కారు. కొత్త ముద్రణ ఉందా, వేరే చోట దొరుకుతుందా, ఎవరైనా అడుగుతున్నారా, కాగితం ఎలా ఉంది అని ఈనాటి లైబ్రేరియన్లూ ఇంచుమించు ఇవే ప్రశ్నలు వేసుకుంటారు. చోటు, డబ్బు, మనుషులు ఎప్పుడూ తక్కువే కాబట్టి వేసుకోక తప్పదు కూడా. చిక్కల్లా ఒక్కటే. రేపటి పాఠకుడు ఏం అడుగుతాడో ఈ ప్రశ్నల్లో దేనికీ తెలియదు.

అందుకే ఎంపికని ఒక మనిషి అభిరుచికి వదలకుండా చట్టానికి అప్పగించడం గొప్ప ఆలోచన అంటాను. ఫ్రాన్స్ రాజు మొదటి ఫ్రాన్సిస్ 1537లోనే అచ్చయిన ప్రతి పుస్తకం ఒక ప్రతి రాజ గ్రంథాలయానికి చేరాలని ఆజ్ఞ ఇచ్చాడు. మన దేశంలో 1867 చట్టం అచ్చాఫీసులు ప్రభుత్వానికి ప్రతులివ్వాలంది. అక్కడ అసలు ఉద్దేశం భాషాభిమానం కన్నా నిఘా. అయినా ఆ చట్టం కింద మూడు నెలలకోసారి తయారైన జాబితాలే నేడు తెలుగు అచ్చు చరిత్ర రాసేవాళ్ళకి ఆధారం. స్వాతంత్ర్యం వచ్చాక 1954 చట్టం ప్రకారం ప్రతి ప్రచురణకర్తా 30 రోజుల్లో తన ఖర్చుతో కలకత్తా జాతీయ గ్రంథాలయానికీ, మద్రాసు కన్నెమరాకీ, బొంబాయి, ఢిల్లీ గ్రంథాలయాలకీ ఒక్కో ప్రతి పంపాలి. పంపకపోతే జరిమానా 50 రూపాయల దాకా, దానిపై పుస్తకం ధర. ఇంత చిన్న జరిమానాకి ఎవరు జడుస్తారు?

కొన్నిసార్లు దాచే నిర్ణయం ఎక్కడి నుంచో వస్తుంది. పి.ఎల్. 480 అనే అమెరికా చట్టం కింద వచ్చిన గోధుమలకి మనం రూపాయల్లో చెల్లించిన సొమ్ము ఇక్కడే పోగుపడింది. అందులో కొంత పెట్టి 1962 నుంచి లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ ఢిల్లీ కార్యాలయం భారతీయ భాషల పుస్తకాలు కొని అమెరికా విశ్వవిద్యాలయాలకి పంపింది. వాటిలో తెలుగు పుస్తకాలూ ఉన్నాయి. మన పుస్తకం కోసం సముద్రం దాటాల్సి రావడం నాకు బాధే. కానీ అక్కడైనా ఉంది.

చేర్చినంత మాత్రాన నిలుస్తుందా? పంతొమ్మిదో శతాబ్దం మధ్య నుంచి కర్రగుజ్జుతో చేసిన కాగితంలో ఆమ్లం ఉంటుంది. అది కాగితాన్ని లోపల్నుంచే తింటుంది. వార్తాపత్రికలు ముందు పోతాయి. 1918లో పుట్టిన వేటపాలెం సారస్వత నికేతనం పాత తెలుగు పత్రికల్ని పోగుచేసి కాపాడింది కాబట్టే పరిశోధకులు నేటికీ ఆ ఊరు వెతుక్కుంటూ వెళ్తారు. ఏ చట్టమూ చెప్పకుండా ఆ ఊరివాళ్ళు చేసిన ఎంపిక అది.

బాడ్లీ వద్దన్న జాబితాకి మన దగ్గర సరితూగేవి గంటల పంచాంగాలు, సినిమా పాటల పుస్తకాలు, కరపత్రాలు, బడి వార్షికోత్సవ సంచికలు. వీటిని దాచేవాళ్ళు తక్కువ. మీ ఇంట్లో అటక మీద ఇలాంటివి ఉంటే తూకానికి వేసేముందు దగ్గర్లోని గ్రంథాలయానికి ఒక్కసారి చూపించండి. మీరు పుస్తకం వేస్తే, చట్టం అడిగిన ఆ నాలుగు ప్రతులూ పంపండి.