రిట్రీవరు కుక్కలు: మన యింటికి తగిన తోడు

మాది నెల్లూరు సీమయందలి బిట్రగుంట. ఆవిరి యింజనులు నడచిన కాలమున మా యూరి లోకోషెడ్డు మిక్కిలి పేరుపడినది. నా బాల్యమున రైల్వే బంగళాలలోని ఆంగ్లో ఇండియను దొరలు కొందఱు ఆదివారములందు చెఱువులకు నీటిబాతుల వేటకు పోవుచుండిరి. తుపాకి ప్రేలగనే వారి నల్లకుక్క నీట దుమికి, పడిన పక్షిని ఈక చెదరకుండ నోట కరచి తెచ్చి యజమాని చేతికిచ్చెడిది. ఇట్లు తెచ్చి యిచ్చు కుక్కకే రిట్రీవరని పేరు.

ఆ వింత నా మనస్సున నాటుకొన్నది. అందుచే మా కుమారుడు గోల్డెన్ రిట్రీవరు పిల్లను తెచ్చినపుడు కాదనలేకపోతిని. రెండవ యేట రోహిణీకార్తెలో అది వడదెబ్బ తగిలి మా వాకిటనే ప్రాణము విడిచినది. దాని చరిత్ర ముందే తెలిసియున్నచో నేనాతప్పు చేసియుండను. ఇపుడు మా పొరుగువారు తమకే కుక్క మేలని అడుగుచున్నారు. వారికి చెప్పినదే మీకును మనవి చేయుదును.

లాబ్రడారు పూర్వులు కెనడా తూర్పుతీరమునగల న్యూఫౌండ్లాండు దీవి బెస్తవారి కుక్కలు. చలినీట దిగి వలలు లాగుట, గాలము విడిచి జాఱిన చేపను పట్టుట వాని పని. అందుచే పైని నీరంటని పొట్టివెండ్రుకలు, క్రింద వెచ్చని నూగు ఏర్పడినవి. 19వ శతాబ్దమున అవి ఓడలపై ఇంగ్లండు చేరగా ప్రభువులు వానిని వేటకు పెంచిరి. 1903లో అచ్చటి కెన్నెల్ క్లబ్బు ఆ జాతిని అంగీకరించినది.

గోల్డెన్ రిట్రీవరు స్కాట్లండు కొండసీమది. ట్వీడ్‌మౌత్ ప్రభువు ఆ కుక్కలను రష్యా సర్కసువారియొద్ద కొనెనని చాలకాలము కథ చెప్పుకొనిరి. 1952లో ఆయన కుక్కల లెక్కపుస్తకములోని సంగతులు ప్రకటింపబడగా నిజము తేలినది. 1868లో నౌస్ అను పసుపువన్నె రిట్రీవరునకును, బెల్ అను నీటి స్పానియలునకును పుట్టిన పిల్లలే ఆ వంశమునకు మూలము. చలిచెమ్మలలో తిరుగుటకై దానికి పొడుగు జూలు అమరినది.

కుక్కకు మనవలె ఒడలెల్ల చెమట పట్టదు. అది రొప్పునపుడు నోటితడి ఆఱుటచేతనే దాని వేడి తగ్గును. మన సముద్రతీరపు ఉక్కలో ఆ తడి త్వరగా ఆఱదు. పైగా రెండుపొరల జూలు! చలిదేశమున వరమైనది మన వాకిట శాపమైనది.

మఱి దొంగల భయమున్నవారికో? పక్షిని నలుపకుండ తెచ్చుటకై తరతరములుగా ఏఱి పెంచినందున రిట్రీవరు నోరు మెత్తన, మనుష్యులయందు నమ్మిక యెక్కువ. అది దొంగను జూచియు తోక యాడింపవచ్చును. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము, 1991 నాటి సవరణల తరువాత మన దేశమున బాతుల వేట ముగిసినది. అయినను దాని ముక్కుచుఱుకు, మాట వినెడి గుణము వ్యర్థము కాలేదు. రైల్వే రక్షక దళమువారు ప్రేలుడు పదార్థముల జాడ తీయుటకు లాబ్రడారులను వాడుచున్నారు.

తమిళనాట తెలుగు రాజులు స్థిరపడిన రాజపాళయము పేర ఒక తెల్లకుక్క కలదు. అడవిపంది వేటకును, కాపలాకును పెరిగినది. పొట్టివెండ్రుకల ఒంటిపొర మన యెండకు తగును. కాని అది క్రొత్తవారిని సహింపదు. చుట్టములు వచ్చిపోవు లోగిలిలో జాగ్రత్త వలయును. ఆ జాతిలో కొన్నిటికి పుట్టుచెవుడు కూడ కలదు.

కావున బిడ్డలతో ఆడు తోడు కావలెనన్న, చల్లని నీడ, నీటితొట్టి, పగలు ఇంటిలోపల చోటు ఈయగలవారు లాబ్రడారును పెంచవచ్చును. జూలుకుక్కను మాత్రము మన తీరమునకు తేవలదు. పొలము కాపలాకు నాటుకుక్కయే చాలును. మా యింట నేడున్నది అదియే. ఏటేట వెఱ్ఱికుక్క వ్యాధికి టీకా వేయించుచున్నాను. కుక్క రంగు చూచి మురియుటకు ముందు దాని తాతలు ఏ నేలను ఏ పని చేసిరో విచారింపుడు. మనము విచారింపనిచో ఆ ఫలము అనుభవించునది నోరులేని ఆ జీవమే.